గాలం కబుర్లు: చెక్క ఎరలు, కెనూ ప్రయాణాలు, మీ ప్రశ్నలు

పోయిన సంచికలో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం ఉత్తర కొసన ఉన్న బౌండరీ వాటర్స్ గురించి రాశాను. అక్కడ కెనూ (తెడ్డుతో నడిపే సన్నటి తేలిక పడవ) వేసుకుని సరస్సు నుంచి సరస్సుకు వెళ్తూ వారం పాటు గాలం వేయడం, అందుకు కావలసిన ల్యూర్లు, అంటే చేపను మభ్యపెట్టే బొమ్మ ఎరలు, ఇంట్లో చెక్కుకోవడం, ఇదీ విషయం. దాని మీద చాలా ఉత్తరాలు వచ్చాయి. అన్నింటికీ ఇక్కడ చోటు లేదు కాబట్టి ఎక్కువమంది అడిగినవి ఎంచుకున్నాను. పేర్లు వేయవద్దని కొందరు కోరారు, అందుకే అందరివీ ఊళ్ల పేర్లే వేశాం.

ప్రశ్న (డాలస్): సార్, మేం నలుగురు స్నేహితులం, అందరం ఐటీలోనే. ఇక్కడి చెరువుల్లో బాస్ చేపలు పట్టడం బాగానే వచ్చు గానీ కెనూ ఎక్కిన అలవాటు ఎవరికీ లేదు. బౌండరీ వాటర్స్‌కి రావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఏ నెల మంచిది? పర్మిట్ సంగతేంటి?

జవాబు: ముందు పర్మిట్ సంగతి చూడండి, అది చేతికి రాకుండా విమానం టికెట్లు కొనొద్దు. బౌండరీ వాటర్స్ అనేది సుపీరియర్ నేషనల్ ఫారెస్ట్‌లో భాగం. పది లక్షల ఎకరాల పైచిలుకు అడవి, అందులో వెయ్యికి మించిన సరస్సులు. 1964లో వచ్చిన వైల్డర్‌నెస్ చట్టం, ఆ తర్వాత 1978లో దీనికోసమే చేసిన ప్రత్యేక చట్టం ఈ ప్రాంతాన్ని కాపాడుతున్నాయి. మే 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా రాత్రి బస చేయాలంటే కోటా పర్మిట్ ఉండాలి. ఆ పర్మిట్ మీద మీరు ఏ ఎంట్రీ పాయింట్ నుంచి, ఏ తేదీన లోపలికి వెళ్తారో రాసి ఉంటుంది. లోపలికి వెళ్లాక ఎటు తిరిగినా, ఎన్నాళ్లకు బయటికి వచ్చినా మీ ఇష్టం. బుకింగ్ ఏటా జనవరి చివర్లో ఆన్‌లైన్‌లో తెరుస్తారు. మంచి ఎంట్రీ పాయింట్లు, ముఖ్యంగా మూస్ లేక్, లేక్ వన్ లాంటివి త్వరగా అయిపోతాయి. ఒక గుంపులో 9 మందికి, 4 పడవలకు మించకూడదు, మీరు నలుగురే కాబట్టి రెండు కెనూలు చాలు.

నెల విషయంలో నా మాట వింటే ఆగస్టు ఆఖరు నుంచి సెప్టెంబర్ మధ్య దాకా రండి. జూన్‌లో చేపలు బాగా పడతాయన్నది నిజమే, వాలై, స్మాల్‌మౌత్ బాస్ రెండూ ఒడ్డుకి దగ్గరగా ఉంటాయి, కానీ అప్పుడు దోమలు, నల్ల ఈగలు మనిషిని నిలవనీయవు. మొదటిసారే వాటి బారిన పడితే మీలో ఇద్దరు మళ్లీ ఈ దారి తొక్కరు. సెప్టెంబర్‌లో ఆ బాధ దాదాపు ఉండదు, జనం తగ్గుతారు, ఖాళీ క్యాంప్‌సైట్ కోసం సాయంత్రం దాకా తెడ్డు వేయాల్సిన పని ఉండదు. క్యాంప్‌సైట్లు బుక్ చేసుకునేవి కావు, ఎవరు ముందు చేరితే వారిదే, ఇనుప పొయ్యి ఉన్న చోటే గుడారం వేయాలి.

ఇక కెనూ. కొనకండి, అక్కడికి దగ్గరి ఊళ్లు ఈలీలోనో గ్రాండ్ మరేలోనో అవుట్‌ఫిటర్ (ప్రయాణపు సామాన్లు అద్దెకిచ్చేవారు) దగ్గర కెవ్లార్ అనే గట్టి, తేలికైన నారతో చేసిన కెనూ అద్దెకు తీసుకోండి. అల్యూమినియం కెనూ 30 కిలోల పైన తూగుతుంది, కెవ్లార్‌ది 20 కిలోల లోపే. ఈ తేడా నీళ్లలో పెద్దగా తెలియదు, పోర్టేజ్‌లో తెలుస్తుంది. రెండు సరస్సుల మధ్య కెనూ భుజాన వేసుకుని, మూటలు మోసుకుని నడిచే కాలిబాటే పోర్టేజ్. మ్యాపుల్లో దాని పొడవు రాడ్లలో ఇస్తారు, ఒక రాడ్ అంటే 16.5 అడుగులు, 320 రాడ్లయితే మైలు. వంద రాడ్లంటే అర కిలోమీటరేగా అనుకుంటారు. కానీ మొదటి విడత కెనూ, రెండో విడత మూటలు మోస్తే వెళ్లి, వచ్చి, మళ్లీ వెళ్లాలి, అంటే ఒకటిన్నర కిలోమీటర్ల నడక, అదీ రాళ్ల మీద, వేళ్ల మీద, బురదలో. రోజుకి రెండు మూడు పోర్టేజ్‌లకు మించకుండా దారి వేసుకోండి. మొదటి ప్రయాణంలో మీకు కావలసింది దూరం కాదు, ఒకే సరస్సు మీద రెండు మూడు రోజులు ఉండి, గాలి ఎటు నుంచి వీస్తే చేప ఎక్కడికి చేరుతోందో చూసే తీరిక.

వచ్చే ముందు ఊళ్లోనే కెనూ అద్దెకు తీసుకుని రెండు ఆదివారాలు తెడ్డు వేయండి. వెనక కూర్చున్నవాడికి జె-స్ట్రోక్ రావాలి, అంటే తెడ్డు వెనక్కి లాగాక చివర్లో కాస్త బయటికి తిప్పి నెట్టడం. అది రాకపోతే కెనూ ముక్కు తిన్నగా నిలవదు, ముందువాడికీ వెనకవాడికీ గొడవలు మొదలవుతాయి.

ప్రశ్న (రాజమహేంద్రవరం): అయ్యా, మా అబ్బాయి మినియాపొలిస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఏటా రెండుసార్లు ఆ అడవిలోకి పడవ వేసుకుని వెళ్తాడు. ఫోన్ కలవదు. ఎలుగుబంట్లు, తోడేళ్లు ఉంటాయట. వాడు తిరిగి వచ్చేదాకా నాకు అన్నం సహించదు. మీరైనా ఒక మాట చెప్పండి.

జవాబు: అమ్మగారూ, మీ టెన్షన్‌ని తేలిగ్గా తీసిపారేసే మాట నేను అనను, కానీ భయపడాల్సింది దేనికో చెబుతాను. ఎలుగుబంటికి అక్కడ కావలసింది మీ అబ్బాయి కాదు, మీ అబ్బాయి తెచ్చుకున్న తిండి. అక్కడుండేవి నల్ల ఎలుగులు, తిండి వాసన అందకుండా దాస్తే తమ దారిన తాము పోతాయి. అందుకే అక్కడ నియమం కూడా పెట్టారు, తిండిని ఎలుగు తెరవలేని డబ్బాలో పెట్టాలి, లేదంటే నేలకు 12 అడుగుల ఎత్తున, చెట్టు మానుకి 6 అడుగుల దూరంగా వేలాడదీయాలి. తోడేళ్ల సంగతికి వస్తే, ఊళ వినపడటమే భాగ్యం, కనపడటం అరుదు.

నిజంగా భయపడాల్సింది చల్లటి నీళ్లకి, గాలికి. అక్కడ సరస్సుల మీద మంచు ఏప్రిల్ చివర్లోనో మే మొదట్లోనో కరుగుతుంది. చేపల సీజన్ మే మధ్యలో మొదలవుతుంది. అంటే పైన ఎండ కాస్తున్నా కింద నీళ్లు ఇంకా మంచు కరిగిన నీళ్లే. అందులో పడ్డ మనిషికి మొదటి నిమిషంలో ఊపిరి అదుపు తప్పుతుంది, కొద్ది నిమిషాల్లోనే చేతులు పట్టు కోల్పోతాయి, ఎంత ఈతగాడైనా సరే. గోదావరి ఈదినవాడిని అని మీ అబ్బాయి అంటే ఒప్పుకోవద్దు.

కాబట్టి వాడిని ఈ నాలుగు సంగతులు అడగండి, తల్లి అడిగితే కాదనడు. లైఫ్ జాకెట్ కెనూలో పెట్టుకుంటావా, ఒంటికి వేసుకుంటావా? వేసుకుంటానని చెప్పించుకోండి. పెద్ద సరస్సు నడిమధ్య నుంచి అడ్డంగా దాటతావా, ఒడ్డు వెంట వెళ్తావా? ఒడ్డు వెంటే వెళ్లాలి, దాటక తప్పని చోట పొద్దున్నే, గాలి లేవకముందే దాటాలి. ఒంటరిగా వెళ్తావా, తోడు ఉందా? ఆఖరుది, శాటిలైట్ మెసెంజర్ ఉందా? అరచేతిలో పట్టే పరికరం అది, ఫోన్ సిగ్నల్ లేని చోట కూడా ఉపగ్రహం ద్వారా చిన్న సందేశం పంపుతుంది, ప్రాణం మీదికి వస్తే నొక్కడానికి వేరే బటన్ ఉంటుంది. రోజూ సాయంత్రం క్యాంపు వేశాక "క్షేమం" అని ఒక్క మాట మీ ఫోన్‌కి వచ్చేలా పెట్టించుకోండి. ఒక్కోసారి చెట్లు అడ్డొచ్చి సందేశం ఆలస్యం అవుతుంది, అందుకని ఎంతసేపు చూడాలి, ఆ తర్వాత ఎవరికి ఫోన్ చేయాలి అన్నది ముందే మాట్లాడుకోండి. అక్కడ వెతికించే బాధ్యత కౌంటీ షెరిఫ్‌ది, ఆ నంబరు, వాడి ఎంట్రీ పాయింట్, వెళ్లే దారి, తిరిగొచ్చే తేదీ ఒక కాగితం మీద రాసి మీకూ, ఇక్కడ ఒక స్నేహితుడికీ ఇచ్చి వెళ్లమనండి. ఇవన్నీ చేసే కుర్రాడైతే మీరు నిశ్చింతగా భోంచేయొచ్చు అమ్మగారూ, కారులో ఆఫీసుకు వెళ్లే దారి కంటే ఆ సరస్సు మీదే వాడు జాగ్రత్తగా ఉన్నట్టు.

ప్రశ్న (చార్లొట్): అన్నగారూ, షాపులో పది డాలర్లకు దొరికే ల్యూర్ కోసం వారం రోజుల శ్రమ ఎందుకు? అయినా మీ రాత చదివి నేనూ ఒకటి చెక్కాను. చూడ్డానికి ముచ్చటగా ఉంది గానీ, నీళ్లలో వేసి లాగితే పక్కకి ఒరిగి గిరగిరా తిరుగుతోంది. ఎక్కడ తేడా కొట్టింది?

జవాబు: రెండో సంగతి ముందు చెబుతాను. తిరుగుతోంది అంటే దాదాపు ఎప్పుడూ కారణం బరువే. మీరు చెక్కింది తేలే చెక్క, దానికి ముందు నాలుకలా ఒక లిప్ అతికించారు. లాగినప్పుడు లిప్ నీళ్లను తోస్తుంది, ఆ నీళ్లు ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి జారి చెక్క చేపను ఒరగదోస్తాయి. ఒరిగిన చేపను మళ్లీ నిలబెట్టాల్సింది పొట్టలో అడుగున ఉన్న బరువు. ఈ తోయడం, నిలబెట్టడం రెండూ సరిసమానంగా పోటీ పడితేనే ల్యూర్ ఊగుతుంది. బరువు చాలకపోయినా, ఉండాల్సిన దానికంటే పైన ఉన్నా ఒరిగింది ఒరిగినట్టే బోల్తా పడుతుంది. బరువు ఎక్కువైతే కదలకుండా కర్రముక్కలా వస్తుంది, దాన్ని ఏ చేపా చూడదు.

అందుకే రంగు వేయకముందే బకెట్ నీళ్లలో పరీక్ష చేయాలి. చెక్కకి నీళ్లు ఇంకకుండా సీలర్ ఒక పూత వేసి, కొక్కేలు, రింగులు అన్నీ తగిలించి, బరువు ముక్కల్ని పొట్ట కింద టేపుతో అంటించి నీళ్లలో వదలండి. వీపు పైకి ఉండి, వేలితో ఒక పక్కకి నొక్కి వదిలితే వెంటనే లేచి నిలబడాలి. అలా నిలబడిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టి, అక్కడే డ్రిల్ చేసి బరువు లోపల పెట్టి ఎపాక్సీ జిగురుతో మూయండి. మామూలుగా ఆ చోటు తలకీ నడుముకీ మధ్య, మొదటి కొక్కేనికి దగ్గర్లో వస్తుంది. బరువుకి సీసం వాడొద్దని నా ప్రత్యేక విన్నపం. ల్యూర్ రాయికి తగిలి పగిలినా, దారం తెగి పోయినా ఆ సీసం సరస్సు అడుగునే ఉంటుంది. మిన్నెసోటా రాష్ట్ర పక్షి లూన్ అరగడం కోసం అడుగున ఉండే గులకరాళ్లు మింగుతుంది, రాళ్లతో పాటు చిన్న సీసపు గుండు ఒక్కటి కడుపులోకి పోయినా విషమెక్కి చచ్చిపోతుంది. స్టీలు గుళ్లు, టంగ్‌స్టన్ దొరుకుతున్నాయి, కాస్త ఖరీదైనా అవే వాడండి.

బరువు సరిగానే ఉండి ఎప్పుడూ ఒకే పక్కకి లాగుతుంటే అది వేరే జబ్బు, లిప్ వంకర పోయిందన్నమాట. లిప్ పెట్టే గాటు చెక్క ఇంకా నలుచదరపు దిమ్మగా ఉన్నప్పుడే కోసేయాలి. గుండ్రంగా చెక్కాక కోస్తే రంపం ఎటు వాలిందో కంటికి తెలియదు. ఇప్పటికే చేసేశారు కాబట్టి మీ ల్యూర్ విషయంలో, దారం కట్టే ముక్కు రింగుని శ్రావణంతో వెంట్రుకవాసి వంచి చూడండి. ఎడమకి పోతుంటే రింగుని కుడికి, కుడికి పోతుంటే ఎడమకి. కొంచెం వంచి, లాగి చూసి, మళ్లీ కొంచెం వంచండి.

తర్వాతిసారికి ఇంకొన్ని మాటలు. చెక్క బాస్‌వుడ్ తీసుకోండి, మెత్తగా తెగుతుంది, పీచు లేవదు. బాల్సా ఇంకా తేలికే, ఊపు బాగుంటుంది గానీ పైక్ అనే చేప పళ్లకు నిలవదు. ముక్కు నుంచి తోక దాకా స్టీలు తీగ ఒకటే ముక్కగా వెళ్లాలి, పొట్ట కింద పొడవునా గాటు కోసి తీగ అందులో కూర్చోబెట్టాలి, అప్పుడు చెక్క విరిగినా చేప తీగ మీదే ఉంటుంది. పొలుసుల అచ్చు కావాలంటే ఉల్లిపాయలు వచ్చే వల సంచి కత్తిరించి చెక్క చేప మీద బిగించి కట్టి, పైనుంచి రంగు స్ప్రే కొట్టండి. వల తీసేశాక పొలుసులు వరసగా తేలతాయి, చూస్తే మీకే ముచ్చటేస్తుంది. పైన ఎపాక్సీ పూత ఆరేదాకా ల్యూర్‌ని నెమ్మదిగా తిప్పుతూనే ఉండాలి, లేదంటే పూత జారి పొట్ట కింద బొట్టు కడుతుంది. నిమిషానికి రెండు మూడు చుట్లు తిరిగే చిన్న మోటారు దొరుకుతుంది, దానికి క్లిప్పు పెట్టి తగిలిస్తే చాలు. రంగుల ఎంపిక నీళ్లను బట్టి. బౌండరీ వాటర్స్‌లో చాలా సరస్సులు బురదనేలల నుంచి వచ్చే నీళ్లతో టీ డికాక్షన్ రంగులో ఉంటాయి, అక్కడ బంగారు రంగు, నారింజ బాగా పనిచేస్తాయి. అడుగు కనిపించే తేట సరస్సుల్లో వెండి రంగు, లేదా అక్కడి చిన్న చేపల అసలు రంగే మేలు.

ఇప్పుడు శ్రమ ఎందుకన్న మాట. 1936లో ఫిన్లాండ్‌లో లౌరి రాపాలా అనే బెస్తవాడు తన మొదటి ల్యూర్‌ని కత్తితో కార్క్ బెరడు చెక్కి చేశాడు. మెరుపు కోసం చాక్లెట్ చుట్టిన వెండి కాగితం అంటించి, పైపూత కోసం ఫొటో నెగెటివ్‌లు కరిగించి పూశాడు. ఆయన దగ్గర డబ్బు లేదు, మంచి సామాన్లు లేవు. కానీ సరస్సు మీద పడవ నడుపుతూ ఆయన చూసిందొకటి ఉంది. చిన్న చేపల గుంపులోకి పెద్ద చేప దూరినప్పుడు దొరికినదాన్నల్లా పట్టదు, కాస్త తేడాగా, దెబ్బ తగిలినట్టు ఊగుతూ ఈదే ఒక్కదాన్ని ఎంచుకుంటుంది. ఆ ఊపునే కార్క్ ముక్కలోకి తెచ్చాడు. ఆ ల్యూర్లు 1950ల చివర్లో మా మినియాపొలిస్ ద్వారానే అమెరికాలోకి వచ్చాయి. 1962 ఆగస్టులో మార్లిన్ మన్రో బొమ్మ అట్ట మీద వేసిన లైఫ్ పత్రిక సంచికలో వాటి గురించి వ్యాసం పడ్డాక ఆర్డర్లు తట్టుకోలేకపోయారు. మీరు షాపులో కొనేదాని వెనక కూడా ఒక మనిషి చూపు ఉంది. చేత్తో చేసుకుంటే ఆ చూపు మీకు అలవాటవుతుంది. బకెట్లో మీ చెక్క చేప ఎందుకు ఒరుగుతోందో కూర్చుని చూసినవాళ్లు రేపు సరస్సులో నిజం చేప ఎలా కదులుతోందో కూడా చూస్తారు, మిగతావాళ్లు ల్యూర్లు మారుస్తూ కూర్చుంటారు. నేను చెక్కడం మానకపోవడానికి కారణం అదే, డబ్బు మిగల్చడానికి కాదు. నిజానికి డబ్బేమీ మిగలదు.

ప్రశ్న (ఖమ్మం): సార్, నేను డిగ్రీ చదువుతున్నాను. మా చెరువులో కొరమీనుకి కప్ప బొమ్మ ల్యూర్ వేస్తున్నాం. బాస్‌వుడ్ ఇక్కడ దొరకదు. మన దగ్గర ఏ చెక్క పనికొస్తుంది?

జవాబు: తమ్ముడూ, నీకు చాలా దగ్గర్లోనే ఉంది. కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి. మెత్తన, తేలిక, చాకుతో ఎటు కావాలంటే అటు తెగుతుంది. నిర్మల్ బొమ్మలవాళ్లు వాడేదీ ఆ చెక్కే. బొమ్మలు చేసేవాళ్లు చెక్కను ముందు సన్నటి సెగ మీద పెట్టి లోపలి తేమంతా పోయేలా ఆరబెడతారు, నువ్వూ ఆ పని చెయ్యి, పచ్చి చెక్క మీద పూత వేస్తే తర్వాత పగులుతుంది. ఒక్క తేడా గుర్తుపెట్టుకో. వాళ్లు ముక్కలు అతకడానికి చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కు వాడతారు, అది గూట్లో పెట్టే బొమ్మకు సరిపోతుంది గానీ నీళ్లలో నాని ఊడిపోతుంది. నువ్వు ఎపాక్సీ వాడు. ఇంకో మాట, పొణికి చెట్లు తగ్గిపోయి ఆ కళాకారులకే చెక్క కష్టమవుతోంది, కాబట్టి చెట్టు కొట్టించకు, వాళ్ల దగ్గర మిగిలిన చిన్న ముక్కలు డబ్బిచ్చి తెచ్చుకో. ల్యూర్‌కి అరచేతి పొడవు ముక్క చాలు.

కొరమీనుకి లిప్ ఉన్న ల్యూర్ వద్దు. అది ఉండేది గుర్రపుడెక్క, తూటికాడ, తామరాకుల మధ్య, లిప్ పెడితే ప్రతిసారీ నాచు పట్టుకొస్తుంది. అడుగు చదునుగా, మూతి దగ్గర గుంటగా చెక్కి, రెండు కొక్కేలూ పైకి చూసేలా వీపుకి ఆనించి పెట్టు. ఆకుల మీద నుంచి జారి ఖాళీ నీళ్లలోకి పడగానే ఒక్క క్షణం ఆపు, చాలాసార్లు అక్కడే కొడుతుంది. కొట్టిన చప్పుడు వినగానే లాగేయకు, దారం బిగిసి బరువు తెలిశాకే లాగు. కొరమీను గాలి పీల్చడానికి పైకి వస్తుంది, అందుకని దారం విసరడం ఆపి కాసేపు నిలబడి చూస్తే ఎక్కడుందో అదే చెబుతుంది.

వానాకాలంలో నీటి పైన ఎర్రటి పిల్లల గుంపు ఒకటి గుండ్రంగా కదులుతూ కనిపిస్తే దాని మీద వేయకు. కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి, ఆకలేసి కాదు, పిల్లల్ని కాపాడుకోవడానికి మీద పడతాయి. వాటిని పట్టేస్తే ఆ గుంపు మొత్తాన్ని మిగతా చేపలు తినేస్తాయి. మన తెలంగాణ రాష్ట్ర చేప అది, ఆ నాలుగు వారాలు వదిలేయి. చెరువు మత్స్య సహకార సంఘం కింద ఉంటే వాళ్ల అనుమతి అడిగి తీసుకో, అందులో పిల్ల వేసి పెంచుకునేది వాళ్లు, అది వాళ్ల జీవనం. అభయారణ్యాల లోపలి నీళ్లలో గాలం వేయడం నేరం, అటు వెళ్లనే వద్దు.

ప్రశ్న (ఫ్రీమాంట్): నేను చేపలు తినను. మావారు పట్టి, ఫొటో తీసి, మళ్లీ వదిలేస్తారు. ఆకలికి పట్టడం అర్థమవుతుంది, సరదాకి దాని నోటికి కొక్కెం గుచ్చి వదిలేయడం పాపం కాదా?

జవాబు: మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న అమ్మా, చేపకి ఏమీ కాదులే అని నేను దాటవేయను. గుచ్చుకున్నది గుచ్చుకున్నట్టే. అందుకే కొన్ని పట్లు నేను పట్టను. చేప బాగా లోతులో ఉన్నప్పుడు సంగతి ఒక్కో జాతిది ఒక్కోలా ఉంటుంది. వాలైని 30 అడుగుల కింద నుంచి పైకి లాగితే లోపలి గాలి తిత్తి ఉబ్బి, వదిలినా బతకడం కష్టం. అలాంటి చోట వేశానంటే వండుకోవడానికే వేయాలి, కావలసినవి రాగానే ఆపేయాలి. వదిలేద్దామనుకున్న రోజు తక్కువ లోతులోనే వేయాలి. మీవారికి చెప్పండి, కొక్కెం మొన వెనక ఎదురుగా ఉండే ముల్లుని శ్రావణంతో నొక్కేసి చదును చేయమనండి, అప్పుడు ఒక్క తిప్పుకి ఊడి వస్తుంది. మూడు మొనల కొక్కెం బదులు ఒంటి కొక్కెం పెట్టమనండి. చేపను తడి చేత్తోనే పట్టుకోవాలి, పొడి చెయ్యి తగిలితే ఒంటి మీది జిగురు పొర పోయి తర్వాత రోగం పడుతుంది. ఫొటో తప్పదనుకుంటే కెమెరా సిద్ధం చేసుకున్నాకే నీళ్ల నుంచి ఎత్తాలి.

తినడానికి ఉంచుకునేవాళ్లకి కూడా ఒక మాట. మిన్నెసోటాలో పట్టిన వాలైలలో 20 అంగుళాలు దాటింది ఒక్కటే ఉంచుకోవచ్చు. నేనైతే ఆ ఒక్కటి కూడా ఉంచుకోను, పెద్దవి దాదాపు అన్నీ ఎక్కువ గుడ్లు పెట్టే ఆడ చేపలే. లేక్ ట్రౌట్ అనే చేప ఆ చల్లటి నీళ్లలో చాలా నిదానంగా పెరుగుతుంది, చేతినిండా ఉన్నదాన్ని కోస్తే దాని చోటు భర్తీ కావడానికి ఎన్నో ఏళ్లు పడుతుంది. ఇదంతా విన్నాక కూడా మీకు మనసొప్పకపోతే గాలం లేకుండానే కెనూలో వెళ్లండి, ఈలీ దగ్గర హెగ్మన్ సరస్సు ఒడ్డున రాతి గోడ మీద ఎర్రటి రంగుతో గీసిన పాతకాలపు బొమ్మలున్నాయి, మనిషి, మూస్ (పెద్ద దుప్పి లాంటి జంతువు), పడవలు. అవి చూడటానికే అంత దూరం వెళ్లొచ్చు.

ప్రశ్న (ఎడిసన్): వారం రోజుల తిండి ఎలా? ఆవకాయ తీసుకెళ్లొచ్చా?

జవాబు: తప్పకుండా, కానీ గాజు సీసాలో కాదు. బౌండరీ వాటర్స్‌లోకి తిండి, పానీయాల గాజు సీసాలు, రేకు డబ్బాలు తీసుకెళ్లకూడదు. బిగుతు మూత ప్లాస్టిక్ డబ్బాలో వేసి, రాత్రికి ఎలుగు డబ్బాలో మిగతా తిండితో పాటు పెట్టండి, నూనె చుక్క గుడారంలో పడకూడదు. వేయించిన ఉప్మా రవ్వ, అటుకులు, కందిపొడి, పులిహోర పేస్టు, ఇవి చాలు. తాగే నీళ్లు ఫిల్టర్ చేయాలి, లేదా మరిగించాలి. పట్టిన వాలై ముళ్లు తీయడం తేలిక, ఉప్పు, పసుపు, కారం పట్టించి పెనం మీద వేయించితే పిల్లలు కూడా తినేస్తారు. పైక్ రుచిలో తక్కువేం కాదు గానీ వీపు కండలో వై ఆకారం ముళ్ల వరస ఒకటి ఉంటుంది, అది విడిగా కోసి తీయడం ఇంట్లోనే నేర్చుకుని వెళ్లండి. చేప తలా పేగులూ సరస్సులో వేయకూడదు, క్యాంపుకీ నీళ్లకీ దూరంగా, కనీసం 200 అడుగుల అవతల పూడ్చాలి.

ప్రశ్న (ఈడెన్ ప్రెయిరీ): మా అమ్మాయికి పదేళ్లు. తీసుకెళ్లవచ్చా? లైసెన్స్ కావాలా? అలాగే సరిహద్దు దాటి కెనడా వైపు క్వెటికో పార్కుకి వెళ్తే ఇవే ల్యూర్లు పనికొస్తాయా?

జవాబు: తీసుకెళ్లండి. మీరు మిన్నెసోటావాళ్లే కాబట్టి 16 ఏళ్ల లోపు పిల్లకి లైసెన్స్ అక్కర్లేదు, మీకు కావాలి. మొదటిసారి ఒకే ఒక్క చిన్న పోర్టేజ్ ఉన్న దారి ఎంచుకోండి, తనకి సరిపోయే లైఫ్ జాకెట్, తనే మోసుకునే చిన్న మూట, తనే రంగు వేసిన ల్యూర్ ఒకటి ఉండాలి. ఆ ల్యూర్‌తో ఒక్క చేప పడినా ఆ తర్వాత మీరు పిలవక్కర్లేదు, తనే మిమ్మల్ని లాక్కెళ్తుంది.

క్వెటికోలో నియమాలు వేరు. అక్కడ ముల్లు లేని కొక్కేలే వాడాలి, సజీవమైన ఎర గానీ, చచ్చిన చేప ముక్క గానీ, వానపాము గానీ పనికిరాదు, ల్యూర్లు మాత్రమే. మీ చెక్క ల్యూర్లు అన్నీ పనికొస్తాయి, ముళ్లు మాత్రం ఒక్కోటీ శ్రావణంతో నొక్కాలి. నొక్కాక కొక్కేన్ని పాత బట్ట ముక్కకి గుచ్చి లాగి చూడండి, ఎక్కడా తగలకుండా వచ్చేస్తే సరిగ్గా నొక్కినట్టు. ఒంటారియో లైసెన్స్, ఆ పార్కు పర్మిట్, సరిహద్దు కాగితాలు అన్నీ విడిగా తీసుకోవాలి, వీసా మీద ఉన్నవాళ్లు కెనడాలోకి వెళ్లడానికీ, తిరిగి అమెరికాలోకి రావడానికీ ఏం కావాలో ప్రయాణం ఖాయం చేసుకోకముందే కనుక్కోండి.